ఆ 150 రూపాయలు

నా జీతం 20 వేలు. అందులో ఈఎస్‌ఐకి నెలనెలా 150 రూపాయలు పోతాయి. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యానిది 3.25. ఎవరూ పట్టించుకోని ఆ లెక్క ఉదయగిరిలో ఉండే మా పెద్దమ్మకు కంట్లో నలుసైంది. మాది కేథలిక్ కుటుంబం మరి! కు.ని. ఆపరేషన్ చేయించుకుంటే మగవాళ్లకు 7 రోజులు, ఆడవాళ్లకు 14 రోజులు ఈఎస్‌ఐ పూర్తి జీతమిస్తుందనీ, అబార్షన్‌కు 6 వారాల సెలవుందనీ ఎక్కడో విన్నది. ‘పాపానికి చందా కడతన్నావా నాయనా?’ అని అడిగేసింది.

నవ్వి ఊరుకోలేకపోయాను. ఆ రెండూ తప్పేనని పోప్ ఆరో పౌలు 1968లోనే తన ‘హ్యుమానే వీటే’ లేఖలో చెప్పారు. పోనీ కట్టడం మానేద్దామంటే 21 వేలలోపు జీతగాడికి ఆ వీల్లేదు. చట్టం!

ఆత్మకూరులో తెలిసిన ఫాదర్‌ని అడిగాను. తప్పు జరగాలని కోరి చేయి కలపడం వేరు, కోరకపోయినా ఎక్కడో దూరాన మన చేయి తగలడం వేరు అన్నారు. 18వ శతాబ్దంలో సెయింట్ అల్ఫోన్సస్ లిగోరి విడమరిచిన తేడా ఇది. పిండ కణాలతో ముడిపడిన కొవిడ్ టీకాలను, వేరే దారి లేనప్పుడు వేయించుకోవచ్చని 2020 డిసెంబరులో వాటికన్ చెప్పిందీ ఈ లెక్కనే.

నా మనసు కుదుటపడింది మాత్రం మరో మాటతో. నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరిగేది ఆ నిధితోనే. అందులో మా నమ్మకంతో సంబంధంలేని లక్షలమంది కష్టార్జితం ఉంది. నాన్న మతమేమిటని వాళ్లెవరూ అడగలేదే!

పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ ప్రశ్న తప్పని నేనూ అనను. మన డబ్బు ఎటు పోతోందో అడిగే మనిషి ఇంటికొకరు ఉండాల్సిందే.