మామయ్యగారి మారుతి

మొన్న ఆదివారం మా ఇంట్లో కారు మీద పెద్ద పంచాయితీ జరిగింది. కొత్తది కొనడం గురించి కాదు. 1995లో మా మామయ్యగారు ఏజీ ఆఫీసులో రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బుతో కొన్న తెల్ల మారుతి 800 గురించి.

దాని రిజిస్ట్రేషన్ గడువు ఈ డిసెంబరుతో అయిపోతోంది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి కదా. పోయినసారి ఫీజు 600 రూపాయలు. ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 10,000 చేశారు, 2025 ఆగస్టు నుంచే. గ్రీన్ ట్యాక్సు, ఇన్సూరెన్సు వేరే. "పాతిక వేలకి అడుగుతున్నాడు ఒకతను, ఇచ్చేద్దాం. కింద జాగా అయినా కలిసొస్తుంది," అన్నారు మావారు. మాది బాగ్ లింగంపల్లిలో పాత హౌసింగ్ బోర్డు ఇల్లు. ఆ రోజుల్లో కట్టినవాళ్ళు ఇంటికో స్కూటర్ ఉంటే గొప్ప అనుకున్నట్టున్నారు. రెండు కార్లు పెట్టాలంటే ఒకదాన్ని రోడ్డు మీదే పెట్టుకోవాలి, పక్కింటివాళ్ళ మాట పడాలి.

మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. వాడు లేచి నిలబడ్డాడు. "డాడీ, అది ఫ్యూచర్ క్లాసిక్. అమ్మితే తర్వాత ఏడుస్తారు!"

వాడి లెక్క వాడికుంది. మొదటి మారుతి 800 తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్పాల్ సింగ్ అనే ఆయనకి ఇచ్చారు. ఆయన పోయాక ఆ కారు ఇంటి ముందే తుప్పు పట్టిపోయిందట. చివరికి కంపెనీవాళ్ళే తీసుకెళ్ళి బాగుచేసి తమ ఆఫీసులో పెట్టుకున్నారు. 2014లో ఈ మోడల్ తయారీయే ఆపేశారు. ఇక మిగిలినవి తగ్గుతూ పోతాయి, ధర పెరుగుతూ పోతుంది, అంటాడు వాడు.

"పాతిక లక్షలకి పైగా అమ్ముడైన కారు క్లాసిక్ ఏంట్రా? వీధికి నాలుగుండేవి," అన్నాను. అన్నానే గానీ, వెంటనే మా అమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు ఇత్తడి బిందెలూ గంగాళాలూ తోమలేక, స్టీలు సామాన్లవాడికి వేసి పళ్ళేలు తీసుకుంది. అమ్మే కాదు, వీధి వీధంతా అదే పని. ఇప్పుడు అవే గంగాళాల్లో నీళ్ళు పోసి, పూలు వేసి హోటళ్ళ గుమ్మాల్లో పెడుతున్నారు. వాటిని చూసినప్పుడల్లా అమ్మ, "మనది దీనికంటే పెద్దదే," అంటుంది. అందరిళ్ళలో ఉందని అందరూ తీసేస్తే, చివరికి ఎవరింట్లోనూ ఉండదు. వాడి మాటలో నిజం లేకపోలేదు.

కానీ వాడి పథకం మిగతా సగం వినండి. కారుకి కవరు తొడిగేసి, బ్యాటరీ తీసేసి, కదపకుండా ఉంచాలట. ఎంత తక్కువ తిరిగితే అంత విలువట. వింటేజ్ కారుగా ప్రభుత్వం గుర్తించాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, ఇంజనూ బాడీ మార్చకూడదు. 2021లో వచ్చిన నిబంధన. అంటే మా కారుకి 2045లో యోగం. అప్పటికి నాకు అరవై ఏడు! పైగా ఆ రిజిస్ట్రేషన్‌కి 20,000 కట్టాక కూడా మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ వెళ్ళొచ్చు, పెట్రోలు పోయించుకోవడానికి వెళ్ళొచ్చు. చిక్కడపల్లి మార్కెట్‌కి వంకాయలకి మాత్రం వెళ్ళకూడదు.

నాకు చౌమహల్లా ప్యాలెస్‌లో చూసిన నిజాం గారి రోల్స్ రాయిస్ గుర్తొచ్చింది. పసుపుపచ్చగా, సింహాసనం లాంటి సీటుతో ఎంత బావుంటుందో. 1912 నాటిది. ఆర్డరిచ్చిన ఆరో నిజాం అది వచ్చేలోపే పోయారు. అన్నేళ్ళలో మొత్తం తిరిగింది 356 మైళ్ళేనట. రాజుగారి కారు కాబట్టి చెల్లింది. మా కారు మీటరు 88 వేల కిలోమీటర్లు దాటింది, అందులో సగం నావే.

అవును, నడిపేది నేనే. ఈ పంచాయితీలో ఎవరికీ గుర్తులేని సంగతి అదే. 2003లో మామయ్యగారే నేర్పారు. తెల్లారి ఐదున్నరకి ఇందిరా పార్కు పక్క రోడ్డు మీదికి తీసుకెళ్ళేవారు. చోక్ ఎంత లాగాలో, ఇంజన్ ఏ శబ్దం చేస్తే గేరు మార్చాలో చెప్పేవారు. "మీటర్లు చూడకమ్మా, చెవితో నడుపు," అనేవారు. ఇంటి కోడలికి కారు నేర్పడమేమిటని చుట్టాలు నవ్వితే, "నాకు అర్ధరాత్రి గుండెనొప్పొస్తే మీరొస్తారా?" అన్నారట. ఆ అర్ధరాత్రి నిజంగానే వచ్చింది, 2011లో. మావారు ఊళ్ళో లేరు. నారాయణగూడ చౌరస్తా దాటుతుంటే నా కాళ్ళు వణకడం, వెనక సీట్లో ఆయన "సెకండ్ వెయ్యమ్మా, సెకండ్," అనడం... ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళు బతికారు.

ఆ పెద్ద కారు నేను నడపలేను. నడపలేననేమీ లేదు, గీత పడుతుందని ఇవ్వరు.

చిన్నప్పట్నుంచీ తెలుగు పిచ్చి ఉన్నదాన్ని, బీఏలో తెలుగు చదివాను. మన భాషకి 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు స్వీట్లు పంచాను కూడా. ఆ హోదా ఉన్న భాషలో మా వాడు నాకు మెసేజ్ కూడా పెట్టడు. వీడేమో కారుకి హోదా కావాలంటాడు.

ఇంతలో మా అత్తయ్యగారు చిక్కుడుకాయలు వలుస్తూ, "అమ్మేస్తే మరి శనివారం వెంకటేశ్వరస్వామి గుడికి దేంట్లో పోతాం?" అన్నారు. మావారు, "ఆటో పిలుద్దాం అమ్మా," అన్నారు. "ఆటో నువ్వు ఎక్కు," అన్నారావిడ. అంతే, మళ్ళీ తల ఎత్తలేదు.

నేను చెప్పిందిది. అమ్మొద్దు, దాచొద్దు. ఐదేళ్ళకి కడదాం. వారానికి రెండుసార్లయినా తిప్పుతాను. ఊరికే నిలబెడితే టైర్లు చదునవుతాయి, బ్రేకులు పట్టేస్తాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత రబ్బరు పైపులు త్వరగా పాడవుతాయని మెకానిక్ అవన్నీ మార్పించమన్నాడు. ఇదే ఇంజన్ ఓమ్నిలో 2019 దాకా వచ్చింది కాబట్టి సామాను దొరుకుతోంది, ఇంకా నయం. సీట్ల గుడ్డ కూడా మారుద్దామన్నాను. "ఒరిజినల్ మార్చకూడదమ్మా!" అని అరిచాడు మా వాడు. సరే, సీట్లు వాడికి వదిలేశాను.

2030లో ఏం చేస్తామో నాకు తెలియదు. అప్పటికి నా మోకాళ్ళు క్లచ్ తొక్కనిస్తాయో లేదో.

బుధవారం ఆర్టీఏ ఆఫీసుకి నేనే తీసుకెళ్ళాను. తనిఖీ చేస్తున్నతను హారన్ కొట్టి చూశాడు, లైట్లు చూశాడు, నా వైపు చూసి, "మేడం, మీరే నడుపుకుంటూ వచ్చారా?" అన్నాడు. వస్తూ వస్తూ మార్కెట్ దగ్గర ఆపాను. కిలో వంకాయలు అరవై చెప్పాడు, యాభైకి తెచ్చాను.