పేపర్లో మా పేట

చెన్నైలో ఎవరినైనా "కొరుక్కుపేట అంటే ఏం గుర్తొస్తుంది?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: గొడవలు. అలా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది మా పేటకి ఎప్పుడూ వచ్చినవాళ్ళు కాదు. వాళ్ళకి మా పేట తెలిసింది పేపర్లోనే. పేపర్లు మన నగరాన్ని ఎలా చూపిస్తున్నాయి, వాటిలో ఏది వస్తోంది, ఏది రావడం లేదు అన్నది నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంటికి ఒక తమిళ పేపరు వస్తుంది. మా అవ్వకి తమిళం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని సాయంత్రం నేను తమిళంలో చూసి తెలుగులో వినిపిస్తాను. బడిలో తమిళం కూడా ఒక సబ్జెక్టు కాబట్టి చదవడానికి నాకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా అవ్వ అడిగే ప్రశ్నలతోనే. "ఎవరి పిల్లోడమ్మా? ఎందుకు కొట్టాడంట? వాళ్ళమ్మ ఏమంటోంది?" అంటుంది. పేపర్లో అవేవీ ఉండవు. వయసు, ఏరియా, కేసు నమోదు చేశారు, విచారణ జరుగుతోంది. అంతటితో వార్త అయిపోతుంది.

మొదట ఈ నేరవార్తల సంగతే చెబుతాను. ఒకసారి నగరంలో ఇంకో మూల, పెద్ద పెద్ద బంగళాలు ఉండే చోట దొంగతనం జరిగింది. పట్టుబడిన ముగ్గురిలో ఒకడిది మా పేట. హెడ్డింగులో మా పేట పేరే వేశారు. అదే వారం ఒక కంపెనీ మేనేజరు లక్షల్లో మోసం చేసి దొరికితే "మేనేజర్ అరెస్టు" అని మాత్రం వేశారు. ఆయన ఉండే ఏరియా పేరు ఆఖరి లైన్లో ఉంది. రెండూ నిజమైన వార్తలే, ఎవరూ అబద్ధం రాయలేదు. కానీ ఒక వార్తలో తప్పు ఒక మనిషిది అయింది, ఇంకో వార్తలో ఊరందరిదీ అయింది.

ఎందుకిలా రాస్తారని మా సోషల్ సార్‌ని అడిగాను. నేరవార్తకి కావలసిన వివరాలు పోలీస్ స్టేషన్‌లో రోజూ సిద్ధంగా దొరుకుతాయని ఆయన చెప్పారు. ఒక వీధిలో పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారో రాయాలంటే రిపోర్టరు నాలుగు రోజులు తిరగాలి. పేజీ మాత్రం ఆ రాత్రికే నిండాలి. ఇంకో సంగతి కూడా చెప్పారు. 1942లో ఆదిత్తనార్ మదురైలో 'దినతంతి' మొదలుపెట్టినప్పుడు, పెద్దగా చదువుకోని వాళ్ళకి కూడా అర్థమయ్యేలా సులువైన తమిళంలో రాయించారట. అలా పేపరు టీ కొట్లోకి వచ్చింది. అది చాలా మంచి పని. కానీ నాకు ఒకటి అనిపించింది. మా వీధి టీ కొట్లో పొద్దున్నే ఆ వార్తలు చదివేది కూడా మా పేటవాళ్ళే కదా. మూటలు మోసేవాళ్ళు, ఆటో తోలేవాళ్ళు, హార్బర్‌లో పని చేసేవాళ్ళు. తమ పేట పేరు అక్కడ చూసి, ఏమీ అనకుండా పేజీ తిప్పేస్తారు.

దీనివల్ల నష్టం ఏమిటి అని కొందరు అడగవచ్చు. మా పెద్దమ్మ కూతురు డిగ్రీ అయ్యాక ఒక ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. అంతా బాగానే జరిగిందట. చివర్లో అడ్రసు చూసి, "నైట్ షిఫ్ట్ అయితే ఇంటికెలా వెళ్తావు? ఆ ఏరియా సేఫ్ కాదంటారు కదా" అన్నారట. మళ్ళీ ఫోన్ రాలేదు. కారణం అదే అని నేను కచ్చితంగా చెప్పలేను. కానీ అక్క ఆ తర్వాత పంపిన అప్లికేషన్లలో పేట పేరు తీసేసి, వీధి పేరు, పిన్ కోడ్ మాత్రమే రాస్తోంది. పుట్టి పెరిగిన చోటు పేరు దాచుకోవలసి రావడం చిన్న నష్టం కాదని నా అభిప్రాయం.

రెండోది నీళ్ళు. 2019 ఎండాకాలంలో నేను నాలుగో తరగతి. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగు చెరువులూ దాదాపు ఎండిపోయాయి. జూలై 12న జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్ల నీళ్ళు రైల్లో విల్లివాక్కానికి వచ్చాయి. ఆ రైలు ఫొటో పేపర్లన్నిటిలో వచ్చింది. అంతకుముందు రోజూ వచ్చిన ఫొటో ఇంకొకటి ఉంది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉంటాయి, చివర లారీ దగ్గర ఆడవాళ్ళు తోసుకుంటూ ఉంటారు. కింద "నీళ్ళ కోసం మహిళల గొడవ" అని ఉంటుంది.

గొడవలు జరిగాయి, లేదనను. కానీ మా వీధిలో ఆ గొడవ జరగకుండా ఉండడానికి ఎన్ని ఏర్పాట్లు ఉన్నాయో ఏ ఫొటోలోనూ రాలేదు. బిందె పెట్టడానికి వీల్లేకపోతే రాయి పెట్టినా వరస చెల్లుతుంది. పసిపిల్లలు ఉన్న ఇంటికి మొదటి రెండు బిందెలు. ముసలివాళ్ళ బిందెలు మోసే బాధ్యత మా వయసు పిల్లలది. మా అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్ళేది. లారీ రాని రోజు చేతిపంపు దగ్గర నిలబడి, ఏడు గంటలకి వచ్చి, వంట చేసి పనికి వెళ్ళేది. ఆ నాలుగు గంటలు ఏ పేపరూ లెక్క వేయలేదు.

నీళ్ళ గురించి లెక్కలు మాత్రం పేపర్లో బాగానే ఉంటాయి. 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి పూండికి కృష్ణా నీళ్ళు రావాలి. ఆ నీళ్ళు ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఊత్తుకోట జీరో పాయింట్‌కి ఎప్పుడు చేరాయి, చెరువు ఎన్ని అడుగులు పెరిగింది అన్నీ రాస్తారు. మా అవ్వది నెల్లూరు వైపు కాబట్టి ఆ వార్తని రెండుసార్లు చదివించుకుంటుంది. అంతా విని, "సరేలే, మన కుళాయికి ఎన్నింటికి వస్తాయంట?" అంటుంది. ఆ సంగతి మాత్రం నేను పేపర్లో ఎప్పుడూ చూడలేదు.

మూడోది చెత్త. ఉత్తర చెన్నై చెత్త కొడుంగైయూర్‌కి, దక్షిణ చెన్నై చెత్త పెరుంగుడికి ఎన్నో ఏళ్ళుగా పోతోంది. కొడుంగైయూర్ మాకు దగ్గర. గాలి ఇటు తిరిగిన రోజు మా ఇంట్లో కిటికీ తెరవం. 2025 ఆగస్టులో మా పక్కనున్న రాయపురం, తిరువీకా నగర్ మండలాల్లో చెత్త తీసే పనిని ప్రైవేటుకి ఇవ్వవద్దని పారిశుద్ధ్య కార్మికులు రిప్పన్ బిల్డింగ్ ముందు 13 రోజులు కూర్చున్నారు. ఆగస్టు 13 రాత్రి పోలీసులు వాళ్ళని అక్కడి నుంచి తీసేశారు. మా ఇంటికి వచ్చే పేపర్లో మొదట వచ్చింది వీధిలో పేరుకున్న చెత్త ఫొటో. అవ్వ విని, "చెత్త ఎక్కడెక్కడ ఉందో రాశారు. ఎత్తేవాళ్ళు ఏం అడుగుతున్నారో రాయలేదా?" అంది. అది కూడా రాశారు, కానీ కొన్ని రోజుల తర్వాత. చెన్నైలో ఈ పని చేసేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా బడిలో కూడా వాళ్ళ పిల్లలు చదువుతున్నారు. ఆ పిల్లలకి ఆ ఫొటో చూసినప్పుడు చెత్త ఒక్కటే కనిపించి ఉండదు.

ఇంతకీ తెలుగు పేపర్లో మన గురించి ఏముంటుంది? బడి లైబ్రరీలో తెలుగు పేపరులో చెన్నై వార్తలు చూస్తుంటాను. ఉగాది వేడుకలు, సభలు, సన్మానాలు, కూచిపూడి ప్రదర్శనలు ఉంటాయి. చదవడానికి సంతోషంగానే ఉంటుంది. కానీ అందులో మా పేట పేరు నాకు కనిపించలేదు. తమిళ పేపర్లో మేము నేరవార్తల్లో ఉన్నాం, తెలుగు పేపర్లో మేము అసలు లేము.

మంచి వార్తలు రావని కాదు. 2024 నవంబరులో మా పక్కనున్న కొత్త వాషర్‌మన్‌పేట అమ్మాయి ఖాజిమా అమెరికాలో జరిగిన క్యారమ్ ప్రపంచ కప్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. పేపర్లన్నీ రాశాయి. ఆ రోజు టీ కొట్లో ఒకరు పైకి చదువుతుంటే పది మంది చుట్టూ చేరి విన్నారు. పేపరుకి ఉన్న బలం అది. మూత లేని డ్రైనేజీ ఫొటో పేపర్లో వచ్చిన రెండో రోజే మూత పడడం కూడా నేను చూశాను. మనం పది అర్జీలు పెట్టినా జరగని పని ఒక ఫొటోతో జరుగుతుంది. అందుకే పేపరు మీద నాకు కోపం లేదు, ఆశ ఉంది.

ఈ సంవత్సరం మా పదో తరగతి వాళ్ళం బడిలో ఒక గోడపత్రిక మొదలుపెట్టాం. నెలకి రెండుసార్లు చార్ట్ పేపరు మీద రాసి మెట్ల పక్కన అంటిస్తాం. మూడో సంచికకి పెద్ద వాదన వచ్చింది. మా వీధి వెనక సందులో నిజంగానే ఒక రాత్రి కత్తిపోటు జరిగింది. రాయాలా, వద్దా? "పేపర్లే చాలు, మనం కూడా రాయాలా?" అని కొందరు అన్నారు. "దాచిపెడితే మనం రాసేది అబద్ధం అవుతుంది" అని ఇంకొందరు. చివరికి రాశాం. ఎవరి ఇల్లు, ఎవరి కులం అన్నవి రాయలేదు. దెబ్బ తగిలిన అన్న ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడని రాశాం. ఆ సందులో వీధి లైటు రెండు నెలలుగా వెలగడం లేదని, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు చుట్టూ తిరిగి వస్తున్నారని కూడా రాశాం.

పిల్లలందరూ కత్తి గురించి చదివారు. మా హెచ్.ఎం. గారు లైటు గురించి చదివి, అర్జీ రాసి కౌన్సిలర్‌కి ఇవ్వమన్నారు. తమిళంలో నేను రాశాను, క్లాసంతా సంతకాలు పెట్టాం. లైటు ఇంకా రాలేదు. వచ్చాక ఏ తేదీన వచ్చిందో ఆ గోడ మీదే రాస్తాం. రాకపోతే, ఎన్ని రోజులైందో ప్రతి సంచికలోనూ రాస్తాం.