బయానా ఇచ్చిన పిమ్మట

మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్మీడియట్ చదువునకు చేరినది మొదలు అచ్చట నొక ఫ్లాటు కొనవలెనని మేము తలపోయుచుంటిమి. హుజూరాబాదులోని పెరటియింటిని విడుచుటకు మనసొప్పలేదు. పిల్లను హాస్టలులో నుంచుటకు అంతకన్న నొప్పలేదు. తుదకు మూడవ అంతస్తున రెండు పడకగదుల ఫ్లాటు 38 లక్షలకు కుదిరెను. ప్రక్కవీథిలో నట్టిదానికే 42 లక్షలు చెప్పియుండిరి. చౌక యేలనో అడుగవలసినది. అడుగకయే 50 వేలు బయానా ఇచ్చితిమి.

తరువాతి వారము కిటికీల కొలతలకై పోయినప్పుడు మా మోతియు వెంట వచ్చినది. మోతి తొమ్మిదేండ్ల ఊరకుక్క. ఒక ముసురునాడు మా అరుగెక్కి మరల దిగలేదు. కావలివాడు గేటున కడ్డముగా నిలిచి గోడమీది నోటీసు చూపెను: ఫ్లాటులలో జంతువులను పెంచరాదు, పెంచినచో నెలకు 500 రూపాయల జరిమానా.

మావారు బడిపంతులు; ఏ కాగితమునైనను మొదటినుండి తుదివరకు చదువనిదే విడువరు, బయానా కాగితము తప్ప. ఆ రాత్రి కూర్చుండి చదివిరి. 1987 నాటి అపార్టుమెంటుల చట్టము ననుసరించి యజమానులు సంఘముగా నేర్పడి నియమావళి వ్రాసికొనుదురు. అంతమాత్రమున ఆ సంఘము జంతువులను బొత్తిగా నిషేధింపవచ్చునా? 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేర్పడిన భారత జంతు సంక్షేమ మండలి 2015లో వెలువరించిన మార్గదర్శకములు కూడదనుచున్నవి. ఎక్కువమంది తీర్మానించినను పెంపుడు జంతువులను వెడలగొట్టరాదు, లిఫ్టు ఎక్కరాదని యాంక్ష పెట్టరాదు. 2021లో కేరళ హైకోర్టు అట్టి నిషేధములు చెల్లవని తీర్పు చెప్పెను. అది మన రాష్ట్రమును కట్టివేయదు గాని వాదించువారికి ఆధారమగును. అయినను, ఇరుగుపొరుగుతో వ్యాజ్యమాడి ఆ యింట పాలు పొంగించుకొనుట ఎవరికి రుచించును?

భారతారంభముననే సరమ కథ యున్నది. జనమేజయుని యాగశాలలో తిరుగాడిన కుక్కపిల్లను అతని తమ్ములు కొట్టిరి. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. వారికి ప్రత్యుత్తరము దొరకలేదు. సంఘ కార్యదర్శిగారిని మేమును అట్లే యడిగితిమి. వారికి మాత్రము ప్రత్యుత్తరము సిద్ధముగా నుండెను: రెండేండ్ల క్రిందట వేరొకరి కుక్క లిఫ్టును పాడుచేయగా, కడుగుమన్న యజమాని తగవునకు దిగెనట.

ఫ్లాటు అమ్మజూపిన పెద్దమ్మ కంట తడి పెట్టినది. పదునొకండు నెలలుగా అది అమ్ముడుపోలేదు. కుక్కలున్నవారు ఇద్దరు, పిల్లి గలవారొకరు వచ్చి నోటీసు చూచి మరలిపోయిరి. అట్లు దిగివచ్చినది ధర. "ఆ తీర్మానం మీద నేను గూడ సంతకం పెట్టిన బిడ్డా. అప్పుడు అమ్ముకుంటననుకున్ననా?" అనెను.

రెండవ అంతస్తు ఇల్లాలి మాట వేరు. ఆమె కుమారుని పూర్వము వీథికుక్క కరచినది. ఈ నోటీసును చూచియే ఆమె యిచ్చట కొన్నది. ఆమెకు ఆ ఫ్లాటు విలువ ఆ నియమములోనే యున్నది. ఒకే కాగితము కొందరు కొనువారిని తరుమును, కొందరిని పిలుచును. అది రేపు న్యాయస్థానమున నిలుచునో నిలువదో తెలియనపుడు, దానిని నమ్మి కొన్న ఆమెయు మావలెనే నష్టపడును. ఆమె మీద మాకు కోపము రాలేదు.

విదేశములందును ఈ తగవు తెగలేదు. 1994లో కాలిఫోర్నియాలో మూడు పిల్లులను పెంచిన యజమానురాలు ఓడిపోయెను. నియమము ముందే నమోదైయున్నది గనుక చెల్లునని అచ్చటి సుప్రీంకోర్టు చెప్పెను. 2020లో సిడ్నీలో ఆంగస్ అను చిన్న కుక్క పక్షము గెలిచెను.

మావారు రిజిస్టరైన నియమావళి నకలు తెప్పించి చూడగా అందు జంతువుల మాటయే లేదు. గోడమీదిది వట్టి తీర్మానము. బయానాకు ముందే చూడవలసిన కాగితము అది. కార్యదర్శిగారు న్యాయము తెలిసినవారు. ఆదివారము సభ పిలిచిరి. మెడకు గొలుసు, రేబీసు టీకా చీటి, మలినము చేసినచో యజమానియే కడుగుట, మోతి తిరుగు వేళలు రెండవ అంతస్తువారికి ముందుగా తెలుపుట — ఇవి కుదిరినవి. నిషేధము ఒక్క చేతి యాధిక్యముతో పోయెను. ఆ చేయి పెద్దమ్మది. ఆమె ధర పెంచలేదు. ఎదురు ఫ్లాటువారు మాత్రము తమది ఇప్పుడు 41 లక్షలని చెప్పుచున్నారట.

లిఫ్టును గూర్చి గంటసేపు వాదము నడిచెను. మోతి దానిలో అడుగే పెట్టదు. మెట్లమీదనే యెక్కును, రెండవ అంతస్తు బాలుడు తలుపు సందునుండి చూచుచుండును.