తెరచాపల కింద బడి

రోలుగుంటలో సముద్రం కనిపించదు. వరి, చెరకు పొలాలు, దూరంగా కొండలు, గట్ల మీద తాటిచెట్లు... అంతే. కానీ నడుముకు మోకు బిగించి గీత కార్మికుడు చెట్టెక్కడం చూసినవారికి ‘ఐఎన్ఎస్ తరంగిణి’లో తొలి పాఠం ఇట్టే అర్థమవుతుంది. అక్కడా ఎక్కాల్సిందే. తేడా ఒక్కటే... ఇక్కడ చెట్టు మాత్రమే ఊగుతుంది, అక్కడ కింద ఉన్న నేల కూడా ఊగుతుంది!

తరంగిణి భారత నౌకాదళానికి చెందిన తెరచాపల ఓడ. గోవా షిప్‌యార్డులో తయారై 1997 నవంబరు 11న దళంలో చేరింది. స్థావరం కొచ్చి. పొడవు 54 మీటర్లు, స్తంభాలు మూడు, తెరచాపలు ఇరవై. 2012లో ఇలాంటిదే మరొకటి, ‘సుదర్శిని’ తోడొచ్చింది. ఆ ఓడలో వాడిన తాళ్లను వరసగా పరిస్తే ఏడున్నర కిలోమీటర్లు! ఏ తాడు లాగితే ఏ తెరచాప కదులుతుందో కొత్త కేడెట్ కంఠస్థం చేయాలి. పగలు నేర్చుకున్నది చాలదు. చీకట్లో, వానలో, చేత్తో తడిమి గుర్తుపట్టాలి.

నిద్రకూ వంతులే!
ఒకేసారి సుమారు ముప్ఫైమంది కేడెట్లు శిక్షణకు వస్తారు. తెరచాపల ఓడల్లో సిబ్బందిని జట్లుగా విడదీయడం ఆనవాయితీ. ఒక జట్టు నాలుగు గంటలు పనిచేస్తే మిగిలినవాళ్లు తింటారు, చదువుకుంటారు, నిద్రపోతారు. ఆ పని వేళనే ‘వాచ్’ అంటారు. అరగంటకోసారి గంట మోగుతుంది... ఒకటి, రెండు, మూడు అంటూ. ఎనిమిది కొట్టారంటే వాచ్ అయిపోయినట్టే.

ఇందులో చిన్న చమత్కారం ఉంది. రోజుకు ఆరు వాచీలే ఉంటే మూడు జట్లకూ రోజూ అవే వేళలు వస్తాయి. అర్ధరాత్రి పని ఎప్పుడూ ఒకరి నెత్తినే! అందుకే సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉండే వాచీని పూర్వమే రెండు ముక్కలు చేశారు. ఏడు వాచీలయ్యాయి, వంతులు మారుతూ వస్తున్నాయి.

వాచ్‌లో ఒకరు చుక్కాని పడతారు. ఒకరు ముందుకు చూస్తూ కాపలా కాస్తారు. మిగిలినవాళ్లు తాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటారు. డెక్కు కడగడం, ఇత్తడి సామాను మెరిపించడం, వంటగదిలో సాయం... అన్నీ పాఠాలే. రేపటి అధికారినన్న దర్జా అక్కడ కుదరదు.

కడుపులో తుపాను
తొలి రెండు మూడు రోజులు చాలామందికి నరకమే. కదలిక ఉందని చెవిలోని సమతూక వ్యవస్థ చెబుతుంది. గది గోడ చూస్తున్న కన్నేమో లేదంటుంది. ఆ తగువులో ఓడేది కడుపు! లోపల పడుకుంటే ఇంకా తిప్పుతుంది. పైకొచ్చి, ఆకాశం నీళ్లను తాకే గీతమీద చూపు నిలిపితే కాస్త నయం. వాంతులయ్యాయని వాచ్ ఎగ్గొట్టే వీలుండదు. బకెట్ పక్కన పెట్టుకుని తాడు లాగినవాళ్లూ ఉంటారు.

ఆ తర్వాత అసలు పరీక్ష. స్తంభమెక్కి, అడ్డకొయ్య కింద వేలాడే తాడుమీద కాళ్లు ఆనించి, బరువైన తెరచాపను మడిచి కట్టాలి. రక్షణ పట్టీ ఉన్నా, కింద ఓడ అరచేయంత కనిపిస్తుంటే మోకాళ్లు వణుకుతాయి. ‘ఒక చెయ్యి ఓడకు, ఒక చెయ్యి నీకు’ అన్నది నావికుల పాతమాట. ఒకరు తడబడితే పక్కనున్న అందరి పనీ ఆగుతుంది. తన భయాన్ని తానే దాటాలి, పక్కవాడి భయాన్నీ గమనించాలి. పుస్తకంలో దొరకని పాఠమిది.

క్షిపణుల కాలంలో తెరచాపలెందుకు?
రేపు వీళ్లు నడిపేవి ఇంజిన్ల యుద్ధనౌకలే. తరంగిణిలోనూ డీజిల్ ఇంజిన్లు ఉన్నాయి. అయినా ఇంజిన్ ఓడలో మీట నొక్కితే జరిగేది, ఇక్కడ పదిమంది ఒక్కసారిగా లాగితేగానీ జరగదు. గాలి ఎటు మళ్లుతోందో చెంపకు తెలియాలి. నక్షత్రాల ఎత్తును సెక్స్‌టెంట్‌తో కొలిచి ఓడ ఎక్కడుందో లెక్కగట్టాలి. ఉపగ్రహాల సాయం అందని రోజున అక్కరకొచ్చే విద్య అది.

2003 జనవరిలో కొచ్చిలో బయల్దేరిన తరంగిణి భూగోళాన్ని చుట్టి 2004లో తిరిగొచ్చింది. దారిపొడవునా కేడెట్లు జట్లుజట్లుగా మారుతూ నేర్చుకున్నారు.

తెలుగువాళ్లకు ఈ విద్య కొత్తదేం కాదు. కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు తెరచాపల ఓడలు కట్టిన రేవు. 1839 తుపాను దాన్ని ముంచేసింది. ఆ పాత బంధాన్ని మన కాలంలో ఇద్దరు తెలుగమ్మాయిలు గుర్తుచేశారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తరిణి’ అనే చిన్న తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు బయల్దేరారు. అందులో విశాఖకు చెందిన పి.స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. ప్రపంచాన్ని చుట్టి 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవా చేరారు.

అర్ధరాత్రి వాచ్‌లో, నిద్ర ఆపుకుంటూ చీకట్లోకి చూసే కేడెట్‌ను పొగిడేవారు ఉండరు. కింద మిగతావాళ్లంతా నిద్రపోతుంటారు. అంతమంది ప్రాణాలు తన రెండు కళ్లమీద ఉన్నాయని మొదటిసారి తెలిసేది అప్పుడే. ఎనిమిది గంటలు మోగాక తర్వాతివాడికి బాధ్యత అప్పగించి కిందికి దిగేది, నిన్న ఎక్కిన కుర్రాడు కాదు!