చూపు నేర్చిన కన్ను

ఇంద్రియాలన్నింటిలో కన్ను ప్రధానమని పెద్దలు చెబుతారు. అయితే కన్ను పుట్టుకతోనే సంపూర్ణమైన చూపును పొందదు. నడక వలె, మాట వలె చూడడం కూడా బాల్యంలో అలవడవలసిన విద్యయే. రామసముద్రం మండలంలోని ఒక రైతు ఇల్లాలికి ఈ సత్యం ఆరేళ్ళ కూతురి వల్ల తెలిసింది.

2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురంలో ‘కంటి వెలుగు’ పథకాన్ని ప్రారంభించి, తొలి విడతగా బడిపిల్లల కళ్ళను పరీక్షింపజేసింది. ఆ పరీక్షలో ఎడమకన్ను మూసినప్పుడు పాప పటంలోని ఒక్క అక్షరాన్నీ గుర్తించలేకపోయింది. తల్లి నివ్వెరపోయింది. పాప కళ్ళలో మెల్ల లేదు, ఎరుపు లేదు. చెంబు తన్నుకొని నీళ్ళు ఒలకబోసినప్పుడల్లా “కండ్లు యాడ పెట్టుకోని నడుస్తుండావే?” అని తాను కసిరిన మాటలు ఆమెకు జ్ఞాపకం వచ్చాయి.

తిరుపతిలోని కంటి వైద్యురాలు అది మందదృష్టి అని చెప్పారు. పాప కుడికంటిలో దూరదృష్టి దోషం చాలా ఎక్కువ. రెండు కళ్ళు పంపే ప్రతిబింబాలలో స్పష్టమైనదానినే మెదడు స్వీకరించి, మసకదానిని తోసిపుచ్చుతుంది. వాడుక లేని కన్ను క్రమంగా వెనుకబడుతుంది. బాల్యంలోని అనుభవమే మెదడులోని దృష్టికేంద్రాన్ని తీర్చిదిద్దుతుందని నిరూపించిన హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1981లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. కాబట్టి అద్దాలు ధరించడంతోపాటు రోజుకు రెండు గంటలు మంచి కంటికి పట్టీ వేయాలి. వయసు పెరిగే కొద్దీ ఫలితం తగ్గిపోతుంది.

ఆ రెండు గంటలు ఇంట్లో రెండు యుగాలయ్యాయి. “ఆడబిడ్డకు అద్దాలు తగిలిస్తే రేపు పెండ్లి ఎట్లవుతుందే?” అని అవ్వ నిట్టూర్చింది. పాప పట్టీ పీకివేసి, “నాకేమీ కనబడలేదు మా!” అని ఏడ్చింది. ఒకనాడు కోపంతో చేయెత్తిన తల్లి ఏమనుకొన్నదో, ఆ పట్టీని తన కంటికే అతికించుకొంది. రెండవ కంటికి మురికి ప్లాస్టిక్ సంచిని అడ్డుపెట్టుకొని లేచి నడిచింది. వాకిలి వెలుతురు తెలిసింది గాని గడప కనబడలేదు. కాలు తట్టుకొని కూలబడింది. బిడ్డది మొండితనం కాదు, భయమని అప్పుడు ఆమెకు అర్థమైంది.

నాటి నుండి ఆమె కసరడం మానివేసింది. ఆ రెండు గంటలూ పనులు పక్కనపెట్టి పాప చెంతనే కూర్చునేది. ఇద్దరూ కలిసి బియ్యంలో రాళ్ళు ఏరేవారు, కనకాంబరాలు కట్టేవారు, ముగ్గుచుక్కలు కలిపేవారు. కొన్నాళ్ళకు అవ్వ కూడా కథ చెప్పడానికి వచ్చి చేరింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, పట్టీలు నిండుకున్నాయి. తల్లి ఫోనులో వైద్యురాలిని అడిగి, అంచున సందు లేకుండా కళ్ళద్దానికి నల్లని గుడ్డతొడుగు కుట్టింది. ఒక్కరోజు కూడా మానలేదు.

ఆ ఏడాది చివర తిరుపతిలో పాప కుడికంటితో పటంలోని ఐదు వరుసలు చదివింది. చివరి రెండు వరుసలు అందలేదు.

“మూడేండ్లప్పుడే తెచ్చింటే?” అని తల్లి అడిగింది.

“ఇంకా బాగుండేదమ్మా. ఇప్పుడు వచ్చిన చూపు మాత్రం నీ కష్టంతో వచ్చిందే” అన్నారు వైద్యురాలు.

తల్లి కాసేపు మౌనంగా ఉండిపోయింది. తరువాత, తన కొంగు పట్టుకొని నిలుచున్న మూడేళ్ళ కొడుకును మెల్లగా ముందుకు నడిపించి, “వీనికి కూడా చూడండమ్మా” అన్నది.