చిప్పు పేరు చూసి మురిసిపోకండి

పాత ఐపాడ్‌ల మీద మోజు ఇంకా తగ్గలేదు. మా టీములో కుర్రాడొకడికి 2005లో వచ్చిన ఐదో తరం ఐపాడే కావాలట. అందులో వోల్ఫ్‌సన్ చిప్పుంది, 2007 నాటి క్లాసిక్‌లో సిరస్ లాజిక్ చిప్పు పెట్టాక పాటలో కమ్మదనం పోయిందని వాడి వాదన. (2014లో ఆ సిరసే వోల్ఫ్‌సన్‌ని కొనేసింది, అది వేరే కథ!)

ఇంతకీ చిప్పు చేసే పనేంటి? ఫైల్లోని అంకెల్ని విద్యుత్ తరంగాలుగా మార్చడం. ఆ పనిలో తేడాలుండవా అంటే, ఉంటాయి. కానీ నేనైతే చిప్పు తర్వాత ఏముందో ముందు చూడమంటాను. చాలా ప్లేయర్లలో చిప్పుకీ ఇయర్‌ఫోన్‌కీ మధ్య ఒక కెపాసిటర్ ఉండేది. అది 100 మైక్రోఫారడ్‌లదైతే, 16 ఓంల ఇయర్‌ఫోన్‌తో సుమారు 100 హెర్ట్జ్ దగ్గరే శబ్దం 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. 32 ఓంలదైతే ఆ తగ్గుదల 50 దగ్గర. అదే చిప్పు, అదే ఇళయరాజా పాట... బేస్ గిటార్ మాత్రం ఒకదాంట్లో నిండుగా, ఇంకోదాంట్లో నీరసంగా!

ఇంకో మాట. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమూ సమానంగా పెట్టి, ఏది మోగుతోందో చూడకుండా వినాలి. స్పెసిఫికేషన్ బాగుందని టెస్టింగ్ లేకుండా కోడ్ రిలీజ్ చేస్తామా? చెవులకి మాత్రం ఆ అన్యాయం ఎందుకు, ఏమంటారు?