కాదన్న పిల్లలు

ప్రహ్లాద చరిత్ర, భక్త మార్కండేయుని కథ తెలుగు ఇళ్ళల్లో ఎలా చదువుకొంటారో, మా క్యాథలిక్కుల ఇళ్ళల్లో వేదసాక్షుల కథలు అలా చదువుకొంటాము. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వారిని మేము వేదసాక్షులంటాము. ప్రొటెస్టంటు సోదరులు హతసాక్షులంటారు. మాట వేరయినా మన్నన ఒకటే. ఈ వేదసాక్షులలో చాలామంది ఏనాటి రోము నగరానికో చెందినవారు. కాని జూన్ 3వ తేదీన మేము తలచుకొనేవారు మాత్రం మన ముత్తాతల కాలంవారు, ఆఫ్రికావారు, అందులోనూ చాలామంది కుర్రవాళ్ళు. వారి కథ పట్టుకొని ఈమధ్య కొన్నేళ్ళుగా పెద్ద వాదమే నడుస్తోంది.

ముందు కథ చెబుతాను. ఇప్పటి ఉగాండాలో బుగాండా అనే రాజ్యం ఉంది. 1884లో మ్వాంగా అనే రాజు పదహారేళ్ళకే గద్దె ఎక్కాడు. కొలువులో పరిచారకులుగా ఉండే కుర్రవాళ్ళు కొందరు మిషనరీల దగ్గర చదువు, మతం నేర్చుకొన్నారు. రాజు ఆ కుర్రవాళ్ళను తన కోరికకు లొంగమనేవాడు. క్రైస్తవులైన కుర్రవాళ్ళు లొంగలేదు. వారిని కాపాడుతూ వచ్చిన కొలువుటధికారి జోసెఫ్ ముకాసా, ఆంగ్లికన్ బిషప్పు హానింగ్టన్‌ను చంపించినందుకు కూడా రాజును మందలించాడు. 1885 నవంబరు 15న అతని తల తీయించారు. పిల్లల భారం చార్లెస్ లువాంగా అనే యువకుడి మీద పడింది.

1886 మే నెలలో రాజుగారి కోపం కట్టలు తెంచుకొంది. ఇక చావు తప్పదని తెలిసిన రాత్రి లువాంగా కొందరికి తానే జ్ఞానస్నానమిచ్చాడు. వారిలో కిజిటోకు పధ్నాలుగేళ్ళుంటాయేమో! జూన్ 3న కంపాలా దగ్గర నముగొంగోలో వారిని సజీవంగా దహనం చేశారు. ఆ రెండేళ్ళలో చనిపోయిన వారిలో క్యాథలిక్కులు 22 మంది, ఆంగ్లికన్లు 23 మంది అని లెక్క. 1964 అక్టోబరు 18న ఆరవ పౌలు పోపుగారు ఆ 22 మందిని పునీతులుగా ప్రకటిస్తూ, ఆంగ్లికన్లను కూడా స్మరించారు. ఆ తరువాత నెలన్నరకే ఆయన బొంబాయి వచ్చారు.

ఇక వాదం సంగతి. ఈ పిల్లలు స్వలింగ ప్రేమకు ఎదురు నిలిచి చనిపోయారు గనక, అటువంటి వారిని కఠినంగా శిక్షించటమే వేదసాక్షులకు గౌరవమని ఒక పక్షం. ఉగాండాలో 2023లో చేసిన చట్టంలో యావజ్జీవ శిక్ష, కొన్ని సందర్భాలలో మరణశిక్ష కూడా పెట్టారు. కాదు, మ్వాంగాను చూడండి, ఇది తెల్లవాళ్ళు తెచ్చిన జబ్బు కాదని అతని కథే చెబుతోంది గదా అని మరో పక్షం. చరిత్రకారులు ఇంకొక మాట కూడా అంటారు: తెల్లవాళ్ళు తన రాజ్యం కాజేస్తారని రాజుకు భయం, తనకంటె పై రాజు ఒకడున్నాడనే సేవకులంటే మరీ భయం.

సంఘంలోనూ ఏకాభిప్రాయం లేదు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం ఆ క్రియలను ఒప్పుకోదు. కాని ఆ మనుషులను గౌరవంతో, దయతో చూడమనీ, అన్యాయమైన వివక్ష కూడదనీ చెబుతుంది. ఫ్రాన్సిస్ పోపుగారు 2023 జనవరిలో, స్వలింగ ప్రేమ నేరం కాదనీ, నేరమనే చట్టాలు అన్యాయమనీ అన్నారు. ఆ డిసెంబరులో, వివాహాన్ని గురించిన బోధ మార్చకుండానే, అటువంటి జంటలు కోరితే గురువులు సాదాగా దీవించవచ్చునని రోము అనుమతించింది. 2024 జనవరిలో ఆఫ్రికా బిషప్పులు తమ దేశాలలో అది పొసగదన్నారు.

ఇదంతా ఎక్కడో దూరపు గొడవ అనుకోవచ్చు. కాని మా విచారణలోనే ఒక తల్లి ఉంది. కొడుకు చదువుకొన్నవాడు, ఉద్యోగస్థుడు. పెళ్ళి మాట ఎత్తితే, తన మనసు ఆడవారి వైపు పోదని తల్లితో చెప్పేశాడు. ఆవిడ వారం రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి నన్నడిగింది: "అన్నయ్యగారూ, ఆ ఉగాండా పునీతులు మావాడికి శత్రువులేనా?"

నేనామెకు మరియా గొరెట్టి కథ గుర్తు చేశాను. ఇటలీలో 1902లో, తనను బలాత్కరించవచ్చినవాణ్ణి కాదన్నందుకు కత్తిపోట్లకు చనిపోయిన పదకొండేళ్ళ పిల్ల. 1950లో పునీతురాలయింది. ఆ పిల్ల స్త్రీ పురుషుల ప్రేమకు విరోధంగా చనిపోయిందని ఎవరైనా అన్నారా? మొగవాళ్ళందరినీ జైలులో వెయ్యమన్నారా? కాదన్న పిల్లమీద దౌర్జన్యం చేసినవాడిదే తప్పు అన్నారు. నముగొంగో పిల్లల విషయంలో మాత్రం లెక్క ఎందుకు మారాలి? రాజుకు సైన్యముంది, తలారులున్నారు. పిల్లలకున్నది "కాదు" అనే మాట ఒక్కటే.

"అయితే వాళ్ళు అది పాపమని నమ్మలేదా?" అన్నదావిడ.

నమ్మారు. లువాంగా నేర్పింది సంఘబోధే, దాచనక్కరలేదు. కాని వాళ్ళు ఎవరినీ శిక్షించమని అడగలేదు. ఎవరిమీదా చెయ్యెత్తలేదు. తామే మంటలలోకి నడిచారు. వేదసాక్షి అంటే నిప్పును ఓర్చినవాడు. నిప్పు పెట్టినవాడు కాదు గదా! వారి పేరు చెప్పి ఇంకొకరిని ఉరికంబం ఎక్కించటం నాకు మింగుడుపడదు.

మన దేశంలోనూ ఇంగ్లీషువాళ్ళు 1860లో పెట్టిపోయిన 377వ సెక్షను చాలాకాలం అందరినీ ఒకే గాటన కట్టింది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయసువచ్చిన ఇద్దరు ఇష్టపూర్తిగా కలిసుంటే నేరం కాదన్నది. ఇష్టం లేనిచోట నేరం నేరమే అన్నది. ఆ గీత మ్వాంగాకూ, ఈ తల్లి కొడుకుకూ మధ్య సరిగ్గా పడుతుంది.

మ్వాంగా సంగతి కూడా చెప్పాను. ఇంగ్లీషువాళ్ళు పట్టి సెషెల్స్ దీవులకు పంపిన తరువాత అతడు కూడా బాప్తిస్మం పుచ్చుకొన్నాడు; 1903లో అక్కడే చనిపోయాడు. పిల్లలను కాల్పించిన రాజుకే చోటు దొరికింది.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఈ జూన్ మూడుకు మావాణ్ణి గుడికి రమ్మనవచ్చునంటారా?" అంది.

"తప్పకుండా రమ్మనమ్మా. నా పక్కన కూర్చుంటాడు" అన్నాను.